సూప్ ఒక్కటే పెడితే రాత్రి భోజనం అవుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. వచ్చే శనివారం మా అబ్బాయి, కోడలు, ఐదేళ్ళ మనవరాలు బెంగళూరు నుంచి వస్తున్నారు. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. చలి దేశాల్లో ఆకులు రాలే కాలంలో చేసుకునే గుమ్మడికాయ సూప్ వీడియో ఒకటి మా కోడలు పంపింది. "అత్తయ్యా, ఆ రాత్రికి ఇదొక్కటి చేయండి, ఇంకేమీ వద్దు" అంది. సరేనని మొన్న ఒకసారి చేసి చూశాను. గుమ్మడికాయ ముక్కలు ఉడికించి మిక్సీ వేసి, కార్న్‌ఫ్లోర్ కలిపి, చివర్లో పాలు పోశాను. పాలు విరిగినట్టయ్యాయి. పైన జిగురు, అడుగున నీళ్ళు. పైగా తియ్యగా ఉంది. మావారు ఒక చెంచా తాగి "ఇది పాయసమా, జావా?" అని అడిగి, తర్వాత పెరుగన్నం కలుపుకున్నారు. ఆయనకు బీపీ కూడా ఉంది. మా అత్తగారు కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మిగతావన్నీ తింటారు. వీడియోలో చెప్పిన బటర్‌నట్ స్క్వాష్, థైమ్, హెవీ క్రీమ్ ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? కార్న్‌ఫ్లోర్ ఎన్ని చెంచాలు వేయాలి? రుచి కోసం సూప్ క్యూబులు వేయవచ్చా? ఆరుగురికి సూప్‌తో భోజనం అయిందనిపించాలంటే ఎలా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీవారు అన్నదాంట్లో తప్పేమీ లేదండీ. మన ఊళ్ళో సూప్ అంటే బిర్యానీకి ముందు హోటలు వాళ్ళు చిన్న గిన్నెలో తెచ్చే స్వీట్‌కార్న్ సూపే. ఆకలి పెంచడానికి చేసేది అది. అందులో నాలుగు మొక్కజొన్న గింజలు, కార్న్‌ఫ్లోర్ చిక్కదనం తప్ప కడుపు నింపే సరుకు ఉండదు. దాన్ని ఇచ్చి భోజనం అయిపోయిందంటే ఎవరైనా పెరుగన్నం వైపే చూస్తారు. మీ కోడలు పంపింది ఆ జాతి సూప్ కాదు. చలి దేశాల్లో పంట చేతికొచ్చాక గుమ్మడి, దుంపలు, పప్పులు ఒకే కుండలో పడేసి నిదానంగా ఉడికించి, పక్కన గట్టి రొట్టె పెట్టుకుని అదే భోజనంగా కానిస్తారు. మనకు ముక్కల పులుసు ఉంది, ఉలవచారు ఉంది. వాటికి చిక్కదనం దేనివల్ల వస్తుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కాబట్టి హోటల్ సూప్‌ను మర్చిపోయి, పప్పు వండే చేత్తోనే దీన్నీ వండండి. సగం సమస్యలు అక్కడే పోతాయి.

మొన్న మీకు కుదరకపోవడానికి కారణాలు చూద్దాం. గుమ్మడికాయలో ఉండేదే నీళ్ళు. దాన్ని మళ్ళీ నీళ్ళలో ఉడికిస్తే ఉన్న కాస్త రుచీ పలచబడుతుంది, తీపి మాత్రం మిగులుతుంది. ఉడికిన గుజ్జును పట్టి ఉంచేది ఏదీ లేకపోతే కాసేపటికి నీరు వేరైపోతుంది. కార్న్‌ఫ్లోర్ ఆ పని చేస్తుందనుకుంటాం కానీ, వేడివేడిగా ఉన్నదాంట్లో పొడిగా వేస్తే ఉండలు కడుతుంది, ఎక్కువసేపు మరిగిస్తే పట్టు సడలుతుంది, చల్లారితే జిగురవుతుంది. తొమ్మిదింటికి వచ్చేవాళ్ళ కోసం ముందే చేసి పెట్టి మళ్ళీ వేడిచేయాల్సిన వంటకు అది అసలు పనికిరాదు. అందుకే ఎన్ని చెంచాలన్న ప్రశ్నకు నా జవాబు: ఒక్కటి కూడా వద్దు. ఇక పాలంటారా, మీరు టమాటా కూడా వేసి ఉంటారు. పులుపు, మరుగుతున్న వేడి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, మూడూ ఒకచోట కలిస్తే విరగక ఏం చేస్తాయి?

సామాన్ల కోసం ఊరంతా తిరగనక్కర్లేదు. బటర్‌నట్ స్క్వాష్ మన తీపి గుమ్మడికి దగ్గరి చుట్టమే. పెద్ద సూపర్ మార్కెట్లలో ఎక్కడైనా కనపడినా, ఆ ధర పెట్టి కొనాల్సినంత తేడా గిన్నెలో తెలియదు. పటమట రైతుబజారుకు వెళ్తే కోసిన గుమ్మడి ముక్కలు తూకానికి ఇస్తారు. కాయ మొత్తం కొంటే ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టకూడదనే పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది కదా, ఆ గొడవ కూడా ఉండదు. ముక్క ఎంచుకునేటప్పుడు కండ ముదురు నారింజ రంగులో, గట్టిగా, పొడిగా ఉందో లేదో చూడండి. గింజల చుట్టూ ఉండే పీచు జారుగా, తడితడిగా ఉంటే కోసి చాలాసేపయినట్టు. పాలిపోయిన పసుపు రంగు ముక్క కూరకైతే సరిపోతుంది, దీనికి వద్దు. గింజలు అడిగి తెచ్చుకోండి, పని ఉంది.

థైమ్ గురించి బెంగ పెట్టుకోకండి. ఆ ఆకుకు ఘాటైన వాసన వచ్చేది థైమాల్ అనే పదార్థం వల్ల. మన వాములోనూ అదే ఉంటుంది. కాబట్టి నేతిలో చిటికెడు వాము వేస్తే మీ కోడలు వీడియోలో చూసిన వాసనకు దగ్గరగా వెళ్తారు. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే బాలింత పథ్యంలా ఉంటుంది. కుండీలో వామాకు ఉంటే రెండు ఆకులు తుంపి వేసినా సరే. హెవీ క్రీమ్ బదులు పన్నెండు, పదిహేను జీడిపప్పులు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి. అది టమాటా పులుపుకు విరగదు, మళ్ళీ వేడిచేసినా చెడదు. ఇంట్లో మీగడ ఉంటే బాగా గిలకొట్టి, స్టవ్ ఆపాక వడ్డించేటప్పుడు గిన్నెలో చెంచాడు వేయండి. మీగడను మరిగిస్తే నెయ్యి తేలుతుంది.

మీ అత్తగారి సంగతి మీరు స్పష్టంగానే రాశారు. అయినా ఒక్కమాట. కార్తీక నియమాలు ఇంటింటికీ వేరు. కొందరు గుమ్మడి, పెసరపప్పు, ఇంగువ కూడా ఆ నెలంతా మానేస్తారు. "అత్తయ్యగారూ, ఇవి వేస్తున్నాను" అని శుక్రవారమే చెప్పి ఉంచండి. శనివారం రాత్రి ఆవిడ గిన్నె పక్కకు జరిపితే అందరి భోజనం పాడవుతుంది.

ఆరుగురికి కొలతలు చెప్తాను. తొక్కతో ముప్పావు కిలో గుమ్మడి, 150 గ్రాముల పెసరపప్పు, ఒక మధ్యరకం చిలగడదుంప, ఒక క్యారట్, బాగా పండిన టమాటాలు నాలుగు, రెండంగుళాల అల్లం, నెయ్యి మూడు చెంచాలు. నీళ్ళు మొత్తం మీద లీటరుంపావు దాకా పడతాయి. మనిషికి పెద్ద గిన్నెడు చొప్పున వస్తుంది.

మొదట పెసరపప్పును దోరగా వేయించండి. పచ్చిపప్పు ఉడికితే వచ్చే జిగట తగ్గుతుంది, కమ్మదనం పెరుగుతుంది. వేయించిన పప్పు, చెక్కు తీసిన చిలగడదుంప ముక్కలు, పసుపు, లీటరు నీళ్ళు కుక్కర్‌లో పెట్టి నాలుగు కూతలు రానివ్వండి. టమాటా ఇందులో వేయకండి, పులుపు పడితే పప్పు మెత్తబడదు. మూత వచ్చాక పైన తేరిన కట్టును ఒక గిన్నెలోకి వంచి ఉంచండి. కట్టుచారుకు వంచినట్టే. వీడియోలో వాళ్ళు పోసిన స్టాక్‌కు బదులుగా మనం పోసేది ఇదే.

కుక్కర్ తన పని తాను చేసుకుంటుంటే మీరు గుమ్మడి సంగతి చూడండి. ఈ వంటలో రుచంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడొద్దు. ముక్కను తొక్కతోనే వేలెడు మందాన పలకలుగా కోయండి. దోసెల పెనం వేడెక్కాక నెయ్యి రాసి పలకలు పరిచి, మంట మధ్యస్థంగా ఉంచి కదపకుండా వదిలేయండి. ముందు నీరు ఊరి చుయ్‌మంటుంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాలి. ఆరేడు నిమిషాలకు అట్లకాడతో అంచు ఎత్తి చూస్తే అడుగున ముదురు గోధుమ రంగు మచ్చలు కనపడతాయి, నల్లబడటానికి ఒక్క అడుగు ముందు. అప్పుడు తిప్పి రెండోవైపు కూడా అలాగే కాల్చండి. చెంచాతో నొక్కితే కండ మెత్తగా దిగాలి, తొక్క దానంతటదే విడిపోవాలి. గీరి తీసిన గుజ్జు కొంచెం రుచి చూడండి. మొన్నటి పాయసం తీపి కాదిది, కాలిన వాసనతో కలిసిన తీపి. ఓవెన్ ఉన్నవాళ్ళు అందులో పెట్టుకోవచ్చు, కానీ ఒక్క ముప్పావు కిలోకు పెనమే నయం.

ఉల్లిపాయ లేని లోటు టమాటాతో తీరాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేసి జీలకర్ర, చిటికెడు వాము, ఇంగువ, సన్నగా తరిగిన అల్లం వేయండి. క్యారట్ ముక్కలు వేసి అంచులు ఎర్రబడేదాకా వేయించాక టమాటాలు వేయండి. చాలామంది టమాటా మెత్తబడగానే నీళ్ళు పోసేస్తారు. అప్పుడు పచ్చివాసన వస్తుంది. నీరంతా ఇగిరి, ముద్దయి, నెయ్యి పక్కలకు చేరేదాకా కలుపుతూ ఉండండి. అప్పుడు గుమ్మడి గుజ్జు, ఉడికిన పప్పు, దుంప వేసి, కట్టు పోసి, చిన్న మంట మీద పావుగంట ఉడకనివ్వండి. చిక్కదనం చూసుకుంటూ మిగిలిన నీళ్ళు వేడిగా పోయండి.

మిక్సీ దగ్గర జాగ్రత్త. మరుగుతున్నది జార్ నిండా పోసి మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి, మొహం మీదా చేతుల మీదా పడుతుంది. గోరువెచ్చబడ్డాక, జార్ సగం వరకే పోసి తిప్పండి. నా సలహా అయితే మిక్సీయే వద్దు, పప్పుగుత్తి తీయండి. దానితో మెదిపితే పప్పు, గుమ్మడి కలిసిపోతాయి, అక్కడక్కడ క్యారట్ ముక్క, దుంప ముక్క పంటికి తగులుతూ ఉంటుంది. పూర్తిగా నున్నగా చేస్తే చంటిపిల్లల ఆహారంలా తోస్తుంది, మగవాళ్ళు పెదవి విరిచేది కూడా అక్కడే. మీ కోడలు వీడియోలోలా నున్నగా కావాలంటే సగం మిక్సీ వేసి, సగం గుత్తితో మెదిపి కలపండి, ఇద్దరి మాటా చెల్లుతుంది. చివర్లో జీడిపప్పు ముద్ద కలిపి రెండు పొంగులు రానిచ్చి దించేయండి.

ఉప్పు అప్పుడే వేయండి. ముందే వేస్తే ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది, బీపీ ఉన్న ఇంట్లో అది మంచిది కాదు. పొరపాటున ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందని చెప్తుంటారు. అది తాను పీల్చిన నీళ్ళతో పాటు ఆ కాస్త ఉప్పే తీసుకుంటుంది, మిగతాది గిన్నెలోనే ఉంటుంది. ఉప్పు లేకుండా ఉడికించిన ఇంకో గుప్పెడు పప్పు కలపడమే దారి. తీపి ఇంకా ముందుకొస్తుందనిపిస్తే పంచదార డబ్బా దగ్గరకు వెళ్ళరు కదా, ఉప్పు డబ్బా దగ్గరకూ వెళ్ళకండి, నిమ్మకాయ పిండండి. స్టవ్ ఆపాక అరచెక్క చాలు. దాంతో పాటు అప్పుడే దంచిన మిరియాలు. పులుపు, ఘాటు పడగానే గుమ్మడి తీపి అణిగి, కూర తిన్న తృప్తి వస్తుంది.

సూప్ క్యూబులు వద్దు. వాటిలో ఎక్కువ భాగం ఉప్పే. మీవారి బీపీకి అదొక లెక్క. చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి పొడి ఉంటుంది, కొన్నిటిలో కోడిమాంసం కూడా. అట్ట వెనుక చిన్న అక్షరాలు చదవకుండా మీ అత్తగారి గిన్నెలో వేశారంటే ఇంట్లో కార్తీకం ఎలా గడుస్తుందో మీకే తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఎంత చిక్కగా ఉన్నా నమలడానికి ఏమీ లేకపోతే మనవాళ్ళకు తిన్నట్టుండదు. 150 గ్రాముల పప్పు ఆరుగురికి పంచితే మనిషికి పాతిక గ్రాములు, అది ఒక్కటే బలం అనుకోవడానికి లేదు. చలి దేశాల్లో పక్కన రొట్టె పెట్టేది అందుకే. బేకరీ బ్రెడ్ కాల్చి పెట్టొచ్చు, సులువే. కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి దిబ్బరొట్టె ఉండగా బ్రెడ్ కోసం వెళ్ళడం ఏం బాగుంటుంది? కప్పు మినపప్పుకు రెండు కప్పుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, నానిన రవ్వను గట్టిగా పిండి కలపండి, జీలకర్ర వేయండి. పులియాల్సిన పని లేదు. మందపాటి మూకుడులో నూనె ధారాళంగా పోసి, రెండు వేళ్ళ మందాన పిండి పరిచి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయండి. పూర్వం మూత మీద నిప్పులు కూడా వేసేవాళ్ళు, ఇప్పుడు తిప్పి కాలిస్తే సరిపోతుంది. మొదటి వైపు పావుగంటయినా పడుతుంది, మూత ఎత్తి ఎత్తి చూడకండి. అంచులు ఎర్రగా, పైన ఆరినట్టు కనపడ్డాక తిప్పి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. ఇలాంటివి రెండు చేస్తే ఆరుగురికి ధారాళం.

కరకరలాడే పెచ్చు ఒకటి విరిచి సూప్‌లో ముంచితే పైభాగం గట్టిగానే ఉంటుంది, లోపలి మెత్తదనం పీల్చుకుంటుంది. మీవారు అడిగే ప్రశ్న తర్వాత మారుతుంది, "రొట్టె ఇంకో ముక్క ఉందా?" అని. అయినా ఆయన కోసం ఒక గ్లాసు బియ్యం వండి ఉంచండి. దీన్ని అన్నంలో పోసుకుని నెయ్యి వేసుకున్నా చక్కగా కలుస్తుంది. ఒక పూట అన్నం మాన్పించి సాధించేదేముంది చెప్పండి?

వడ్డించడం కూడా వంటలో భాగమే. టీ కప్పులు, చిన్న కటోరీలు తీయకండి, ఒక్కొక్కరికీ లోతు గిన్నె పెట్టండి, పెద్ద చెంచా ఇవ్వండి. కుండలోది ఐదేళ్ళ పాప తినగలిగినంత చప్పగానే ఉంచి, ఎవరి గిన్నెలో వాళ్ళ రుచి వేయండి. నేతిలో రెండు ఎండుమిర్చి తుంపి వేయించి, గుంటూరు కారం అర చెంచా వేసి వెంటనే దించితే ఎర్రటి నెయ్యి వస్తుంది, మీవారి గిన్నెలో అది తిరగేయండి. అత్తగారికి మిరియాల పొడి, కొత్తిమీర. కోడలికి ఇందాక ఉంచమన్న గుమ్మడి గింజలు, కడిగి ఎండబెట్టి, పెనం మీద చిటపటలాడేదాకా వేయించి. పాపకు చెంచాడు మీగడ, ఆ గింజలు మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి. మరీ పొగలు కక్కుతూ కూడా తేవద్దు. మన ఊళ్ళో కార్తీకం వచ్చినా రాత్రిపూట ఫ్యాను ఆపం, చెమటలు కారుతూ సూప్ తాగడం ఎవరికీ బాగోదు.

శనివారం పనంతా ఒక్కసారి మీద వేసుకోకండి, ఇలా సర్దుకోండి. పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం భోజనం కాగానే మినపప్పు నానబెట్టడం, ఐదున్నరకు పిండి రుబ్బడం, ఆరింటికి సూప్ మొదలు. ఏడున్నరకు అయిపోతుంది. వాళ్ళు స్టేషన్‌లో దిగామని ఫోన్ చేశాక మొదటి రొట్టె మూకుడులో వేస్తే, బట్టలు మార్చుకుని వచ్చేసరికి వేడిగా ఉంటుంది. సూప్ మాత్రం నిలవుంటే గట్టిపడుతుంది, పప్పు గుణం అది. వేడినీళ్ళు కాసిని పోసి, అడుగు నుంచి కలుపుతూ వేడిచేయండి, లేదంటే అడుగంటుతుంది. మిగిలినది పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లో పెట్టేయండి, బయట వదిలితే తెల్లారేసరికి పులుస్తుంది. ఆదివారం పొద్దున అది ముద్దలా ఉంటుంది. గోధుమపిండిలో కలిపి చపాతీలు చేస్తే నీళ్ళే పోయనక్కర్లేదు. కార్తీకం వెళ్ళాక అందులోనే వెల్లుల్లి పోపు పెట్టి చూడండి, మీవారికి అదింకా నచ్చవచ్చు.